మాస్టరు తల ఊపిన పాట

మార్కండేయ చెవుల గురించి సూరత్ వడోద్‌లో మూడు కథలున్నాయి. మూడూ ఆయన చెప్పినవే.

మొదటి కథ సిరిసిల్లది. పదేళ్ల వయసులో, చలి మొదలయ్యే రోజుల్లో జొన్నచేను గట్టున నడుస్తూ, ఆకు మీద మంచుబొట్టు పడిన చప్పుడు విని అది ఎన్నో సాలులో పడిందో చెప్పాడట. రెండోది కొంగలది. నెత్తి మీదుగా గుంపు పోతుంటే కళ్లు మూసుకుని, రెక్కల చప్పుడును బట్టి నలభై మూడని చెప్పాడట. అందులో ఒకటి కుంటిదట. ఎగిరే కొంగ కాలు కుంటిదైతే రెక్కల్లో ఎలా తెలిసిందని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగితే నాలుగో కథ మొదలవుతుందని భయం. మూడోది సాంచలది. సాంచ అంటే మరమగ్గం. పక్క ఊళ్లో ఎవరి సాంచ మీదో పోగును మోసే నాడె అంచు అరిగిందని, ఈ ఊళ్లో మంచం మీద పడుకుని చెప్పాడట. ఆ సాంచ గల ఆసామి సైకిలెక్కి వచ్చి కాళ్లకు దండం పెట్టాడట.

కరోనా వచ్చిన మొదటి ఏడు, ఎంగిలిపూల బతుకమ్మనాడు పొద్దున, ఈ మూడు కథలనూ సుమన ఫోన్‌లో ఎక్కించింది. సుమన మార్కండేయ కూతురు. కాలేజీ ఫోన్‌లోనే నడుస్తోంది కనుక రోజంతా ఆ పిల్ల చేతిలో ఫోన్ ఉంటుంది. ఈసారి గర్బాలు లేవు, హాల్లో బతుకమ్మ లేదు, అందుకని తెలుగు సమాజం వాళ్లు గ్రూపులో ఒక పోటీ పెట్టారు. శరత్కాలంలో మీ చెవికి ఇంపైనవి ఏమిటో చెప్పి రెండు నిమిషాలు గొంతు పంపాలి. గెలిచిన ఇంటికి ప్రెషర్ కుక్కర్.

"బాపు, కొంగలైపోయినయి. ఇంకేం ఇనబుద్ధయితది చెప్పు. జల్దీ, క్లాస్ ఉన్నది నాకు."

మార్కండేయ కూతురి ముఖం వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరితో మాట్లాడినా ఆయన అలాగే పూర్తిగా తిరిగి కూర్చుంటాడు. మర్యాదస్తుడని వాళ్లుండే చాలీలో పేరు.

"ఇంకేమున్నది బిడ్డా, మీ అమ్మ పాటనే. మీ అమ్మ బతుకమ్మ పాట ఎత్తుకుంటే తాపీ నది ఒక్క నిమిషం నిలవడ్డది. డ్యాముకాడ ఇంజనీరు పరేషానై ఫోన్ చేసిండు, నీళ్లెందుకొస్తలేవని. జర ఆగు సాబ్, చరణమైపోనీ, వస్తయని చెప్పిన."

"చాయ్ సల్లారుతున్నది," అంది వజ్రమ్మ వెనక నుంచి. రెండోసారీ అంది. మూడోసారి అనకుండా వచ్చి గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "మాటలు మొదలువెడితే ఇంక లోకం అక్కర్లేదు ఈయనకు," అని లోపలికి పోయింది.

ముప్పై రెండేళ్లుగా ఆమె అనుకుంటున్నది అదే. మాటల ధ్యాసలో పడి వినడని. మార్కండేయకు అది బాగా అనువుగా ఉండేది. మాట్లాడేవాడు వినక్కర్లేదు.

*

పాండేసరలో శేఠ్ ఖాతా, అంటే సాంచల షెడ్డు, డెబ్బై రెండు సాంచలది. అందులో ఆరు మార్కండేయవి. అంటే ఆయన సొంతమని కాదు, ఆయన నడిపేవి. ఆ ఆరింటి మధ్య సందు ఒక మనిషి పక్కకు తిరిగితే పట్టేంత. ఆ సందులో ఆయన అటు పోయి కండె మార్చి, ఇటు వచ్చి తెగిన పోగు ముడేసి, మళ్లీ అటు పోతాడు. పోగును నాలిక మీద తడిపి, బొటనవేలితో చూపుడువేలి మీద ఒక్క తిప్పు తిప్పితే ముడి పడుతుంది. మాస్కు వచ్చాక నాలిక అందడం లేదు. నుదుటి చెమటతో తడుపుతున్నాడు.

ఖాతాలో మాటకు గొంతు అక్కర్లేదు. డెబ్బై రెండు సాంచలు ఒక్కపెట్టున కొడుతుంటే అక్కడ దూరం నుంచి అరిచేవాడు పిచ్చివాడు. వీపు వెనకే నిలబడి అరిస్తేనే చెవికి అందుతుంది. పెదవి కదిపితే చాలు, నాలుగు సాంచల అవతలివాడికి తెలుస్తుంది. చాయ్ అంటే ఒక కదలిక. కండె అయిపోయిందంటే రెండు. మాస్టరును తిట్టడానికి పెదవి కూడా అక్కర్లేదు, కనుబొమ చాలు. అలా ముప్పై ఏళ్లు మాట్లాడిన మనిషి, ఖాతా బయటకు వచ్చాక కూడా కళ్లతోనే వింటున్నాడని ఎప్పుడు గ్రహించాడో ఆయనకే గుర్తు లేదు. పెదవులు కనిపించినంత కాలం ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది. ఇప్పుడు అందరి మూతులకూ గుడ్డ పడింది. మార్కండేయకు సూరత్ మొత్తం ఒక్కరోజులో మూగదైపోయింది.

ఆ మధ్యాహ్నం భుజం మీద దెబ్బ పడితే వెనక్కి తిరిగాడు. మాస్టరు సోమలింగం.

సోమలింగం పొట్టి మనిషి, మీసం పెద్దది. మాస్కు కింద నుంచి రెండు కొసలూ బయటికి వచ్చి ఉంటాయి. ఖాతాలో నేతగాళ్లందరి మీదా ఆయన మాటే నడుస్తుంది. ఆయన వెంట ఒక్క అడుగు దూరంలో బామ్మర్ది అంబదాస్ ఎప్పుడూ ఉంటాడు. లాక్‌డౌన్‌లో వేరే ఖాతాలో పని పోగొట్టుకుని వచ్చిన ముప్పై ఏళ్లవాడు. మాస్టరు ఫోన్ మోగితే అంబదాస్ ఎత్తుతాడు. శేఠ్ వచ్చి ఏదైనా చెబితే అంబదాస్ విని మాస్టరుకు చెబుతాడు. అంత పెద్ద మాస్టరు ఫోన్లెత్తుతాడా అని అంబదాసే అందరికీ చెబుతుంటాడు.

మార్కండేయ ఏదో అనబోయాడు. సోమలింగం చేయి చాచి ఆయన మాస్కును గడ్డం కిందికి గుంజాడు.

"మాస్టర్‌తోని మాట్లాడేటప్పుడు మూతికి గుడ్డేంది? తీసి మాట్లాడు." తన మాస్కు కూడా కిందికి దింపి ఒక్కొక్క మాటా నమిలి చెప్పాడు. "మూడుసార్లు పిలిచిన. ఎనక నిలవడి పిలిచిన. మలగలేదు నువ్వు."

"పడుగు బీము మీద ధ్యాసుండె మాస్టర్."

"మొన్న కూడ ధ్యాసే. ఆదివారం కూడ ధ్యాసే. శేఠ్ ఏమన్నడో ఎరికేనా? చెవులు ఇనరానోళ్లు సాంచల నడుమ ఉండొద్దన్నడు. రేపు బెల్టుల చెయ్యి పడి ఎవడన్న మొత్తుకుంటె నీకు ఇనవడ్తదా?"

"నా చెవులకేమైంది? ఊళ్లె కొంగలు వోతుంటె..."

"కొంగల ముచ్చట ఒద్దు. సద్దుల బతుకమ్మ దాక సూస్త. ఎప్పుడు పిలుస్తనో చెప్ప. మలిగితె ఉంటవ్. మలగకుంటె దసరా ఎల్లినంక నీ ఆరు సాంచలు అంబదాస్‌వి."

అంబదాస్ ఆరు సాంచల వైపూ చూశాడు. అద్దెకు తీసుకోబోయే గదిని చూసినట్లు, మూలమూలకూ.

*

సాయంత్రం చాలీలో బతుకమ్మ పెట్టారు. చాలీ అంటే ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యలో మూడు మూరల సందు. మామూలుగా ఆడవాళ్లంతా ఆ సందు చివర ఖాళీ జాగాలో గుండ్రంగా తిరుగుతారు. ఈసారి ఎవరి గడప మీద వాళ్లు నిలబడాలని పెద్దలు తీర్మానించారు. మాస్కు, గంటసేపు, అంతే. పూల బతుకమ్మలు మాత్రం సందు మధ్యలో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. వాటికి మాస్కులు లేవు.

మార్కండేయ మెట్టు మీద కూర్చుని భార్యను చూస్తూ తల ఊపాడు. చప్పట్లు పడుతున్నాయి, ఆయన గడ్డం కిందికి పోతోంది, మళ్లీ చప్పట్లు, మళ్లీ గడ్డం.

ఇంట్లోకి వచ్చి వజ్రమ్మ మాస్కు తీసి మేకుకు తగిలించగానే అన్నాడు: "ఈ ఏడు నీ గొంతు ఏమున్నదే. తేనెల ముంచి తీసినట్టున్నది. మొత్తం చాలీల పాటంటె నీదే."

వజ్రమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉంది.

"ఇయ్యాల నేను పాడలే."

మార్కండేయ ఆ పెదవుల వైపు చూశాడు. పెదవులు స్పష్టంగానే చెప్పాయి.

"గొంతు గరగర అంటున్నది. దగ్గితె జనం కరోనా బండి పిలుస్తరని నోరే తెరవలే. ఊర్మిళ ఎత్తుకున్నది పాట. నేను సప్పట్లే కొట్టిన."

ఊర్మిళ సోమలింగం భార్య. ఎదురు వరసలో చివరి గది.

సుమన ఫోన్‌లోంచి తలెత్తింది. మార్కండేయ దీపం వైపు చూశాడు, గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. కథ ఏదీ అందలేదు.

"ఎన్నేండ్ల సంది?" అంది వజ్రమ్మ.

"ఏంది?"

"చెవులు. ఎన్నేండ్ల సంది?"

"ఏడు. ఏడుంటయి."

"ఏడు బతుకమ్మలు. ఏడేండ్లు ఇంటికొచ్చి నీ గొంతు గిట్ల, నీ గొంతు గట్ల అంటివి. నది నిలవడ్డదంటివి."

"సప్పట్లు కనవడ్తయి గద. నువ్వు మంచిగ పాడిన్నాడు నీ గదువ జర పైకి లేస్తది. గది సూసి..."

"గదువ సూసి పాట మెచ్చుకున్నవా?" అంది వజ్రమ్మ, గడ్డం మీద వేలు పెట్టి. గొంతు పెంచలేదు. "నేను పాడింది నీకు. పదిమంది నడుమ పాడినా నీకే పాడిన. గదువకా?"

మేకుకు తగిలించిన మాస్కు తీసి కట్టుకుంది. చెవుల వెనక తాళ్లు రెండుసార్లు సరి చూసుకుంది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

మర్నాడు మాస్కుతోనే రొట్టెలు చేసింది. మాస్కుతోనే బట్టలుతికింది. తినేటప్పుడు గోడ వైపు తిరిగింది. పడుకునేటప్పుడూ తీయలేదు. ఊళ్లో అందరూ బయటికి పోతూ మాస్కు కట్టి ఇంటికి వచ్చి తీస్తుంటే, సూరత్ మొత్తంలో ఇంటికి వచ్చి ఇంకా బిగించి కట్టే ఆడమనిషి వజ్రమ్మ ఒక్కతే అయి ఉంటుంది. ఆ మాస్కు సుమన పాత చీర ముక్కతో కుట్టింది, మీద చిన్న ఎర్ర పూలు. ఆ పూలు లోపలికి పోయి బయటికి వస్తుంటే తిట్టు ఎంత పొడుగో మార్కండేయకు తెలిసేది. ఏమి తిట్టో తెలిసేది కాదు.

"అమ్మా, బస్ కర్," అంది సుమన మూడోరోజు. "బాపుకు నువ్వేం అంటున్నవో సమజైతలేదు."

"సమజ్ కావద్దనే అంటున్న."

"గంత కోపమైతె నాకన్న చెప్పు, బాపుకు రాసి ఇస్త."

"రాసుడెందుకు? ఏడేండ్లు ఇననోడు ఇప్పుడు చదువుతడా?"

మార్కండేయ అటూ ఇటూ చూసి, చెప్పుల్లో కాళ్లు పెట్టి ఖాతాకు బయల్దేరాడు.

*

ఖాతాలో ఆయన పని సగం వెనక్కి చూడటానికే పోయింది. కండె మారుస్తూ వెనక్కి, పోగు ముడేస్తూ వెనక్కి, సాంచ ఆపుతూ వెనక్కి. మెడ తిరిగి తిరిగి నట్టు బిగిసిన బోల్టులా అయింది. వెనక్కి చూసిన ప్రతిసారీ ముందు ఒక పోగు తెగింది. బట్టలో గీతలు పడ్డాయి.

పక్క సందులో నేసే బక్కయ్య ఇది చూశాడు. ఇరవై ఏళ్ల స్నేహం. చాయ్ దగ్గర మాస్కు కిందికి జరిపి, "మార్కండన్నా, నువ్వు ముందుకే సూడు. మాస్టర్ నీ ఎనకకొస్తె నేను చిండీ ఉండ ఇసురుత. వీపుకు తాకితె మలుగు," అన్నాడు. చిండీ అంటే తెగిన దారపు చెత్త. దాన్ని గుప్పిట్లో నలిపితే నిమ్మకాయంత ఉండ అవుతుంది.

రెండు రోజులు బాగానే నడిచింది. వీపుకు ఉండ తాకగానే మార్కండేయ తాపీగా తిరిగి, "పిలిచినవా మాస్టర్?" అనేవాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. రెండోరోజు, "నువ్వు గేటు కాడ ఉన్నప్పుడే నీ చెప్పుల సప్పుడు ఇన్న. ఎడమ చెప్పు మడమ అరిగింది, కుట్టిచ్చుకో," అన్నాడు. కథలు చెప్పే నోరు ఎక్కడ ఆగాలో తెలియనిది.

సోమలింగం తన ఎడమ చెప్పు ఎత్తి చూసుకున్నాడు. అరగలేదు. తర్వాత వంగి మార్కండేయ కాళ్ల దగ్గర పడి ఉన్న ఉండను తీశాడు. పచ్చదారం. ఆ సందులో ఎక్కడా పచ్చదారం లేదు. బక్కయ్య సాంచల మీద ఉంది.

ఆ మధ్యాహ్నమే బక్కయ్య ఖాతాకు అటు చివర, గోడ పక్క సాంచల మీదికి పోయాడు. తర్వాతి రెండు రోజుల్లో సోమలింగం నాలుగుసార్లు పిలిచాడట. నాలుగుసార్లూ మార్కండేయ తిరగలేదట. ఆ సంగతి ఆయనకు అంబదాస్ వేళ్లెత్తి చూపిస్తే తెలిసింది. నాలుగు వేళ్లు. బొటనవేలు ఒక్కటే ముడిచి ఉంది.

సద్దులకు ముందురోజు పొద్దున నల్లా దగ్గర నీళ్ల వేళకు సుద్దతో గీసిన గుండ్రాల్లో బిందెలు నిలబడ్డాయి. బిందెల వెనక ఆడవాళ్లు నిలబడ్డారు.

"వజ్రక్కా, గొంతు మంచిగైందా?" అంది ఊర్మిళ. "సద్దులకు నువ్వే ఎత్తుకో పాట. నాకు రోజూ పాడి గొంతు వోయింది."

"ఎత్తుకుంట."

"మార్కండన్నకు ఇంక ఆరామే గద. మా తమ్ముడు ఎక్కుతున్నడు ఆ సాంచల మీద. చెవిటోనికి సాంచలెందుకు చెప్పు, ఇంట్ల కూసోని నీ పాటలు ఇంటడు." ఊర్మిళ పక్కనున్న ఆమెను చూసి కన్ను కొట్టింది. "అదే, ఇనరావు గద."

వజ్రమ్మ తన బిందె వంతు రాకముందే ముందుకు జరిపింది. ఊర్మిళ బిందె పక్కకు ఒరిగి నీళ్లు పోయాయి.

"నా మొగన్ని నేనంట చెవిటోడని. ఇంట్ల నేనంట, నడుమ బజార్ల నేనంట. నువ్వెవ్వతివి అననీకి?"

ఇంటికి వచ్చి మాస్కు దింపింది. వారం తర్వాత మార్కండేయకు ఆమె పెదవులు కనిపించాయి. ఆయన ముఖంలో ఆశ కనిపించింది కూడా.

"ఖాతల ఏమైంది?"

ఆయన చెప్పాడు. కొంగలు లేకుండా, నది లేకుండా, ఉన్నది ఉన్నట్లు. ఆయన అలా మాట్లాడటం సుమన ఎప్పుడూ వినలేదు. మొత్తం కథ నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

వజ్రమ్మ విన్నది. మాస్కు మళ్లీ పైకి గుంజింది.

"నీతోని నాది ఇంక ఒడవలే," అంది మాస్కు లోపల నుంచి. అది మార్కండేయకు మాస్కు ఉన్నా తెలిసింది.

*

సద్దులనాడు సుమన, మరో ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఆటోలో కామ్‌రేజ్ దాకా పోయి, హైవే పక్కన గునుగు పూలు తెచ్చారు. తంగేడు చారెడు దొరికింది. మిగతాదంతా బజారు బంతి. బతుకమ్మలు ఈసారి ఎత్తుగా లేకపోయినా రంగు బాగా కుదిరింది. పొద్దు వాలుతుండగా సందు మధ్యలో పెట్టారు. ఆడవాళ్లు గడపల మీద. మగవాళ్లు మెట్ల మీద. సోమలింగం చాలీకి పెద్ద కనుక, కొబ్బరికాయ పట్టుకుని బతుకమ్మల తలదిక్కున నిలబడ్డాడు. అంబదాస్ పసుపు తేవడానికి పోయాడు.

ఆ చాలీలో ఒక కట్టు ఉంది. పాట ఎత్తుకున్న మనిషి ఏమి పాడినా మిగతావాళ్లు అందుకోవాలి. మధ్యలో ఉయ్యాలో అనకుండా నోరు మూసుకుంటే ఆ గడపకు ఏడాదంతా మంచిది కాదు. ఈ కట్టు ఎవరు పెట్టారో తెలియదు, కానీ సిరిసిల్ల నుంచి సూరత్ దాకా రైల్లో సామానుతో పాటు వచ్చింది.

వజ్రమ్మ గౌరమ్మకు మొక్కి మాస్కు లోపల నుంచే ఎత్తుకుంది.

"మంచు దిగె పూలపై ఉయ్యాలో, మా చాలి కొచ్చె ఉయ్యాలో..."

అందరూ అందుకున్నారు. రెండు చరణాలు పూల మీద, ఒకటి నీళ్ల మీద. గొంతులో ఇంకా కొంచెం గరుకు ఉంది. నాలుగో చరణం దగ్గర ఆమె సోమలింగం వైపు తిరిగింది.

"ఆరు సాంచలు నడిపె ఉయ్యాలో, ఆ ఇంటి పెద్ద ఉయ్యాలో. మూతి కట్టుక వచ్చె ఉయ్యాలో, ముచ్చు మాస్టరు ఉయ్యాలో."

చప్పట్లు ఒక్క క్షణం తడబడి మళ్లీ పడ్డాయి. ఉయ్యాలో అన్నారు. కట్టు కట్టే.

"ఎనుక నిలవడి పిలిచె ఉయ్యాలో, ఎలుక తీరుగ ఉయ్యాలో. బామ్మర్ది కడుపుకు ఉయ్యాలో, బానెడు బువ్వ ఉయ్యాలో. పక్కోని కంచంల ఉయ్యాలో, మన్ను వోసిండు ఉయ్యాలో."

మాస్కుల మీద కళ్లు పెద్దవయ్యాయి. కొన్ని మాస్కులు నవ్వుతో ఉబ్బాయి. ఎదురు గడప మీద ఊర్మిళ మెడ నరాలు తేలాయి. కానీ ఆమె కూడా అందుకుంది. మొగుణ్ణి ఎలుక అంటే ఉయ్యాలో అంది, దొంగ అంటే ఉయ్యాలో అంది, ఒక్కొక్క ఉయ్యాలోనూ పళ్ల మధ్య నుంచి గుంజి పడేసింది.

"మీసాలు జూస్తేను ఉయ్యాలో, మేకతోకమ్మ ఉయ్యాలో."

మాస్టరు కొబ్బరికాయ విసిరి కొడతాడని వజ్రమ్మ అనుకుంది. దానికి సిద్ధపడే పాడింది. మాస్టరు కొట్టలేదు. కళ్లు సగం మూసి, ఎంతో తృప్తిగా తల ఊపుతున్నాడు. చప్పట్లు పడుతున్నాయి, మీసం కొసలు కిందికి పోతున్నాయి, చప్పట్లు, మీసం. చప్పట్లకు సగం అడుగు వెనకగా.

ఆ తల ఊపుడు వజ్రమ్మకు తెలుసు. ఏడేళ్లు ఆ తల ఊపుడు కోసమే పాడింది.

ఆమె పాట ఆపింది. చేతులు ఆపలేదు. పాట లేదు కనుక అందుకునేవాళ్లు కూడా ఆగిపోయారు. చప్పట్లు మాత్రం అలవాటు మీద పడుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సందులో చప్పట్లు తప్ప ఏమీ లేదు. బతుకమ్మల తలదిక్కున సోమలింగం తల ఊపుతున్నాడు. ఇటు మెట్టు మీద మార్కండేయ తల ఊపుతున్నాడు. లేని పాటకు ఇద్దరూ, ఒకే తాళంలో.

ఆయాసం వచ్చి ఆగిందనుకున్నారు అందరూ. ఊర్మిళ మాత్రం మొగుడి వైపు చూసింది, తర్వాత మార్కండేయ వైపు చూసింది, తర్వాత వజ్రమ్మ వైపు చూసింది. ఆ చూపు కింద పడకుండా వజ్రమ్మ పట్టుకుంది.

తర్వాత గౌరమ్మ మీద రెండు చరణాలు పాడి ముగించింది.

సోమలింగం కొబ్బరికాయ కొట్టి, మాస్కు దింపి, పెద్దమనిషిగా నాలుగు మాటలు చెప్పాడు. "సమాజం గ్రూపుల అడిగిన్రు గద, ఈ దినాలల్ల చెవికి ఇంపుగ ఏముంటదని. గర్బాలు లేకుంటె ఏమాయె. వజ్రమ్మ పాట ఉన్నది. పానం తేటయింది. మస్తు పాడింది."

ఒక ముసలామె పక్కామెతో అంది, "మాస్టర్‌ది ఎంత పెద్ద మనసే. అన్ని మాటలన్నా కడుపుల వెట్టుకున్నడు."

*

మర్నాడు దసరా. నల్లా రాకముందే ఊర్మిళ వచ్చి నిలబడింది. వజ్రమ్మ వచ్చేసరికి మిగతా గుండ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఊర్మిళ మాస్కు దింపింది.

"సూసినవ్."

"సూసిన."

"శేఠ్‌కు చెప్తవా?"

"ఎన్నేండ్ల సంది?" అంది వజ్రమ్మ.

"తొమ్మిది." ఊర్మిళ ఖాళీ నల్లా వైపు చూసింది. "ఈ మూతిగుడ్డలు వచ్చినంక ఆగమైతున్నడు. ఫోన్‌కు అంబదాసే, శేఠ్‌కు అంబదాసే. వాణ్ని ఏదన్న పని మీద ఖాతల ఉంచకుంటె ఒక్క దినం గడవది. శేఠ్‌కు ఎరుకైతె మొదలు పోయేది ఈయననే."

"ఉంచుకోన్రి. ఎనక నిలవెట్టుకోన్రి. మా సాంచల మీద కాదు."

"బెదిరిస్తున్నవా అక్కా?"

"నాకు బెదిరిచ్చుడు రాదు. పాడుడు వస్తది. దీవాలికి శేఠ్ ఖాతల లక్ష్మీపూజ వెడ్తడు, అందరం పోతం. ఆడ ఎత్తుకుంట. నీ మొగడు తల ఊపుకుంట నిలవడ్తడు. శేఠ్ సూస్తడు."

నల్లా గురగురమని నీళ్లొచ్చాయి. ఊర్మిళ బిందె నింపుకుని నడుముకెత్తుకుంది. నాలుగడుగులు పోయి ఆగింది.

"మేకతోక అన్నవ్."

"అన్న."

"నా నోటితోని నాతోనే ఉయ్యాలో అనిపిచ్చినవ్, పదిమందిల. సాంచలుంటయి తియ్యి. గది మాత్రం నేను మర్వ."

"మర్వకు," అంది వజ్రమ్మ. తన బిందె నల్లా కింద పెట్టింది.

ఇంటికి వచ్చాక మాస్కు తీసి మేకుకు తగిలించి మార్కండేయ ఎదురుగా కూర్చుంది. నల్లా కాడి సంగతి చెప్పింది. సోమలింగం చెవుల సంగతి చెప్పింది. మార్కండేయ రెండుసార్లు చెప్పించుకున్నాడు, అర్థం కాక కాదు, రుచికి.

"నిన్న ఏం పాడినవే?" అన్నాడు చివరికి.

వజ్రమ్మ పాడింది. గొంతు తగ్గించి, పెదవులు తెరిచి, ఒక్కొక్క మాటా విడివిడిగా. ముచ్చు దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. ఎలుక దగ్గర భుజాలు కదిలాయి. బానెడు బువ్వ దగ్గర గడ్డం కిందికి పోయింది.

"తల ఊపకు," అంది వజ్రమ్మ. "ఊపితె మళ్ల మూతికి కట్టుకుంట."

మార్కండేయ మెడ బిగబట్టి కూర్చున్నాడు. మేకతోక వచ్చేసరికి మెడ ఒక్కటే నిలబడింది, మిగతా మనిషంతా నవ్వుతో కూలిపోయాడు. సుమన ఫోన్ అందుకోబోతే వజ్రమ్మ చేత్తో వద్దంది. ఈ పాట కుక్కర్ కోసం కాదు.

*

సోమవారం ఖాతా తెరిచారు. మార్కండేయ వెనక్కి చూడలేదు. మెడ ముందుకే ఉంది. పొద్దుటి నుంచి ఒక్క పోగు తెగలేదు. బక్కయ్య పాత సందులోకి తిరిగి వచ్చాడు. ఎవరు పంపారో, ఎందుకో ఎవరూ చెప్పలేదు. అంబదాస్‌ను బట్ట మడతలు సరిచూసే పని మీద పెట్టారట, మాస్టరు కుర్చీ పక్కనే.

మధ్యాహ్నం భుజం మీద దెబ్బ పడలేదు. సోమలింగం చుట్టూ తిరిగి ముందు వైపు నుంచి వచ్చాడు. రెండు సాంచల అవతల ఆగాడు. డెబ్బై రెండు సాంచలూ కొడుతున్నాయి. మాస్కు దింపాడు. గొంతులోంచి ఏమీ రాకుండా, పెదవులు మాత్రం నిదానంగా, గుండ్రంగా తిప్పి ఒక్క మాట అన్నాడు.

"చెవిటోడా."

మార్కండేయ చేతిలో ఉన్న పోగును ముడేశాడు. కొస తెంపాడు. చేయి తొడకు తుడుచుకుని తన మాస్కు కిందికి దింపాడు. ఆయన కూడా గొంతు వాడలేదు.

"ఇనరాలే మాస్టర్. జర జోరుగ చెప్పు."

సోమలింగం ఆ పెదవుల వైపు చివరి దాకా చూశాడు. మాస్కు పైకి గుంజుకుని వెళ్లిపోయాడు. దాని కింద తిట్టాడో, నవ్వాడో తెలియదు. మీసం కొసలైతే కదిలాయి.